కూర్చుండి గురిచూచినవారు

2021వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన టోక్యో నుండి వచ్చిన క్రీడావార్తను తెలుగు చేయుచుండగా మాకొక చిన్న చిక్కు ఎదురైనది. జయపురమునకు చెందిన అవనీ లేఖరా పారాలింపిక్ క్రీడలలో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు స్వర్ణపతకము గెలుచుకొన్నది. పారాలింపిక్ స్వర్ణము పొందిన భారతస్త్రీలలో ఆమెయే మొదటి వ్యక్తి. ఆ పోటీకి నిర్వాహకులు పెట్టిన పేరు ‘స్టాండింగ్’. ‘నిలుచుండి కాల్చు పోటీ’ అని వ్రాసితిమి. వ్రాసిన పిమ్మట కలము ఆగిపోయినది. 2012లో కారు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని, నాటినుండి చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయి నిలుచుండి కాల్చుట యెట్లు? వ్యవధి లేదు. ఆ మాటను కొట్టివేసి వార్తను చదివించితిమి. వార్తలో తప్పు లేదు గాని, మేము తప్పించుకొంటిమని మాకే తోచినది.

కొట్టివేసిన ఆ మాటకు ఒక చరిత్ర కలదు. దానిని వెదకుచు పోగా మేము ఒక రాణిగారి వేటబండి వరకును, ఒక యుద్ధవైద్యశాల పచ్చికబయలు వరకును, అమెరికా బాతువేట నిబంధనల వరకును పోవలసి వచ్చినది.

ముందుగా ఆ పేరు సంగతి. రైఫిలు పోటీలలో బోరగిలబడి కాల్చుట, మోకాలిపై కూర్చుండి కాల్చుట, నిలుచుండి కాల్చుట అని మూడు భంగిమలు. ఇవి సిపాయిల శిక్షణనుండి వచ్చినవి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి ఈ మూడును అసాధ్యములే. అయినను నియమములు వ్రాసినవారు పేర్లను మార్చలేదు. వాటి లోపలి సారమును గ్రహించిరి. బోరగిలబడినవాడు రెండు మోచేతులను నేలకు ఆనించును. కనుక కుర్చీకి ఒక బల్లను బిగించి, దానిపై రెండు మోచేతులను ఆనించి కాల్చినచో అది బోరగిలబడినట్లే. మోకాలిపై కూర్చున్నవాడు ఒక మోచేతిని మోకాలికి ఆనించును. కనుక బల్లపై ఒక మోచేయి. నిలుచున్నవానికి మోచేతికి నేలయు లేదు, మోకాలును లేదు. కనుక బల్ల ఆసరా లేకుండ, తుపాకి బరువు సమస్తము చేతులమీదనే మోసి కాల్చినచో అది నిలుచున్నట్లే. అవనీ లేఖరా చేసినది అది. కాళ్లను లెక్కింపక మోచేతులను లెక్కించిన ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. నిలుచుండుట యనగా ఏమియో న్యాయశాస్త్రపండితులు కూడ ఇంత సూక్ష్మముగా విచారించి యుండరు.

కుర్చీకి ఏమి బిగింపవచ్చును, ఏమి బిగింపరాదు? బిగించినది ఎంతవరకు సాధనము, ఎక్కడినుండి ఉపకారము? ఈ విషయముయొక్క చరిత్ర అంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది.

రాజులకు ఈ ప్రశ్న రాలేదు. ఇంగ్లండు రాణి ఆన్ సంగతి చూడుడు. ఆమె గౌటు అను కీళ్లవాతముచే మిక్కిలి బాధపడినది. 1702 ఏప్రిల్ 23న పట్టాభిషేకమునకు సైతము ఆమెను కుర్చీలో మోసికొనిపోయిరి. వయసులో ఉన్నప్పుడు గుర్రమెక్కి వేటాడిన ఆమె, గుర్రమెక్కలేని స్థితి వచ్చిన పిమ్మట వేటను మానలేదు. ఒంటిగుర్రపు తేలికబండిలో ఒంటరిగా కూర్చుండి, పగ్గములు తానే పట్టి, విండ్సరు అడవులలో దుప్పివెంట బండిని తరిమెడిది. 1711 వేసవిలో అచ్చట ఉన్న రచయిత జోనాథన్ స్విఫ్టు తన ఉత్తరములలో ఈ దృశ్యమును వర్ణించెను. ఆమె తోలుటలో యెహూను, వేటలో నిమ్రోదును తలపించునని బైబిలు పురుషులను ఉపమానముగా తెచ్చెను. ఒకనాడు సాయంకాలము నాలుగు గంటలవరకు వేట సాగి, బండి నలుబది మైళ్లకు పైగా తిరిగెనట. ఆనాడు రాణి పరివారము భోజనమునకు కూర్చుండునప్పటికి అయిదు గంటలైనదని స్విఫ్టు కొంత విసుగుతోనే వ్రాసినట్లున్నది. ఆ సంవత్సరమే ఆమె ఆస్కాట్ పందెముల మైదానమును నెలకొల్పెను. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ కూడ 1683లో గుర్రముపైనుండి పడి చేయి విరిగిన పిమ్మట నాలుగు పొట్టిగుర్రముల బండిని స్వయముగా తోలుకొనుచు వేటకు పోయెడివాడు.

రాణి నడువలేకపోయినచో బండి వచ్చును. బండి కావలసినచో దారి వచ్చును. ఇది న్యాయమా, ఇది వేటయేనా అని అడుగు సాహసము ఎవరికిని లేదు. అదే వాతముతో మంచమెక్కిన రైతునకు బండియు లేదు, దారియు లేదు. వెన్నెముక విరిగిన మనుష్యునకు, వాడు ఎవరైనను, బ్రతుకే లేదు. నడుము క్రింది భాగము చచ్చుబడినవారు పడకపుండ్లవలనను, మూత్రకోశమునకు సోకిన వ్యాధులవలనను కొలది కాలములోనే చనిపోవుచుండిరి. మొదటి ప్రపంచయుద్ధమున అట్లు గాయపడిన సిపాయిలలో అధికసంఖ్యాకుల గతి అదియే. వారికి వినోదసాధనమును గూర్చి ఆలోచించుట ఎవరికి తోచును?

ఈ స్థితిని మార్చినవారిలో ప్రముఖుడు లుడ్విగ్ గుట్‌మన్ అను నాడీవైద్యుడు. 1899లో జర్మనీ సైలీషియా ప్రాంతమున యూదు కుటుంబములో జన్మించి, బ్రెస్లౌ నగరములో పేరు గడించి, నాజీల ఏలుబడిలో నిలువ వీలుగాక 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండునకు చేరెను. 1944 ఫిబ్రవరిలో, యుద్ధము ముమ్మరముగా సాగుచుండగా, లండనుకు వాయవ్యమున ఏల్స్‌బరీ చెంతనున్న స్టోక్ మాండవిల్ వైద్యశాలలో వెన్నెముక గాయముల విభాగమును ఆయనకు అప్పగించిరి. రోగిని రాత్రింబవళ్లు రెండేసి గంటలకొకసారి ప్రక్క మార్చి పరుండబెట్టవలెనని ఆయన కట్టడి చేసెను. నడిరేయి కూడ తానే వచ్చి చూచెడివాడని చెప్పుదురు. పుండ్లు మానినవి, జ్వరములు తగ్గినవి, మనుష్యులు బ్రతికిరి. బ్రతికిన వెంటనే ఇంకొక ప్రశ్న పుట్టినది. ఇరువదియేండ్ల యువకుడు, నిన్నటి సిపాయి, ఈ బ్రతుకుతో ఏమి చేయవలెను?

గుట్‌మన్ అతనిచేతికి విల్లు ఇచ్చెను.

దీనికి రెండు కారణములు కలవు. వింటినారిని లాగుటవలన భుజములు, వీపు, చేతులు బలపడును. మంచమునుండి కుర్చీలోనికి తన దేహమును తానే ఎత్తుకొనవలసిన వానికి ఆ బలమే కాళ్లు. ఇది వైద్యకారణము. రెండవది మాకు మరింత గొప్పదిగా కనబడుచున్నది. పరుగులో, బంతియాటలో నడువలేనివాడు నడువగలవానితో తలపడలేడు. విలువిద్యలో తలపడగలడు. గురి అంతే దూరమున ఉండును, వలయములు అంతే ఉండును, బాణము తగిలినచోట తగులును. వేసినవాడు నిలుచుండి వేసెనా కూర్చుండి వేసెనా అని గురి అడుగదు.

1948 జూలై 29వ తేదీన వెంబ్లీ మైదానములో ఆరవ జార్జి రాజు లండను ఒలింపిక్ క్రీడలను ప్రారంభించెను. అదే దినమున స్టోక్ మాండవిల్ వైద్యశాల పచ్చికబయలులో పదునారుగురు మాజీ సైనికులు, వారిలో ఇద్దరు స్త్రీలు, చక్రాల కుర్చీలలో కూర్చుండి విలువిద్యలో పోటీపడిరి. ఒక పక్షము ఆ వైద్యశాలది, రెండవది రిచ్మండులోని స్టార్ అండ్ గార్టర్ ఆశ్రమమునకు చెందినది. గెలిచినది రిచ్మండు పక్షము. గుట్‌మన్ సొంతశిష్యులు ఓడిపోయిరన్నమాట! పారాలింపిక్ క్రీడలకు మూలము ఆ మధ్యాహ్నమే.

ఆనాటి సాధనములు చాల సామాన్యమైనవి. విల్లు అందరి విల్లే. ఇబ్బంది కుర్చీతోనే వచ్చును. నిలువుగా పట్టిన పొడవైన వింటి అడుగుకొమ్మ చక్రమునకు తగులును. కనుక కుర్చీని గురికి అడ్డముగా త్రిప్పి, విల్లుపట్టు వైపున చేతిఆనిక లేకుండ చూచుకొందురు. మరియొక ఇబ్బంది కంటికి కనబడదు. నారిని లాగినప్పుడు దేహము ఒక ప్రక్కకు తూలును. ఆరోగ్యవంతుని పొట్టకండరములు, నడుముకండరములు తెలియకుండగనే దానిని సరిచేయును. వెన్నెముక పైభాగమున గాయమైనవానికి ఆ కండరములు పలుకవు. అతడు లాగిన విల్లే అతనిని పడద్రోయును. అందుచేత అట్టివారికి రొమ్మునకు పట్టీ కట్టుకొనుటకు అనుమతి కలదు. చేతివ్రేళ్లు కూడ పనిచేయనివారికి మణికట్టునకు కట్టిన చిన్న కొక్కెమువంటి యంత్రము నారిని పట్టి విడుచును. వారి వర్గములో వింటి బిగువు 45 పౌనులకు మించరాదు.

ఇచ్చట ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చును. బొటనవ్రేలు గురుదక్షిణగా ఇచ్చిన పిమ్మట తక్కిన వ్రేళ్లతోనే బాణములు వేసెననియు, కాని మునుపటి వేగము లేకపోయెననియు మహాభారతము చెప్పుచున్నది. మనము ఆ కథను త్యాగమునకు ఉదాహరణముగా వినుచు వచ్చితిమి. వ్రేలు పోయినవానికి నారి పట్టు సాధనమొకటి చేసియిత్తమని హస్తినాపురమున ఎవరికిని తోచలేదు. తోచియున్నను, ఇయ్యకుండుటయే కదా అచ్చటివారికి కావలసినది.

స్టోక్ మాండవిల్ పోటీలు ఏటేట పెరిగినవి. 1952లో హాలండునుండి మాజీ సైనికులు రాగా అవి అంతర్జాతీయములైనవి. 1960లో రోము నగరమున ఒలింపిక్ క్రీడలు ముగిసిన పిమ్మట ఇరువదిమూడు దేశములనుండి నన్నూరుమంది వరకు అక్కడ చేరిరి. క్రీడాకారుల వసతిగృహములు స్తంభములమీద కట్టినవి, మెట్లెక్కక తప్పదు. ఇటలీ సైనికులు వారిని కుర్చీలతో సహా ఎత్తి మోసిరి. బ్రిటనుకు అచ్చట తొలి స్వర్ణమును విలువిద్యలో మార్గరెట్ మాన్ తెచ్చినది. ఆఫ్రికాలో ఉపాధ్యాయినిగా పనిచేయుచుండగా ప్రమాదమున గాయపడి స్టోక్ మాండవిల్ చేరినది ఆమె. పోటీ ముగించి బస్సులో కూర్చున్న తరువాత గాని తాను గెలిచినట్లు ఆమెకు తెలియలేదు. ఎవరో వచ్చి పతకము కొరకు పిలుచుకొని పోయిరి. ఏబదిరెండేండ్ల తరువాత, 2012లో, లండను పారాలింపిక్ జ్యోతిని వెలిగించినది ఆమెయే.

గురి అడుగదంటిమి గాని, మనుష్యులు అడిగిరి. న్యూజిలాండుకు చెందిన నెరోలీ ఫేర్‌హాల్ 1969లో మోటారుసైకిలు ప్రమాదమున నడుము క్రింద చచ్చుబడిన స్త్రీ. 1982లో బ్రిస్బేను కామన్‌వెల్తు క్రీడలలో, నడువగలిగిన విలుకత్తెలందరిని ఓడించి స్వర్ణము గెలిచెను. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో పాల్గొనెను. పారాలింపిక్ కాదు, ఒలింపిక్ క్రీడలే. చక్రాల కుర్చీనుండి ఒలింపిక్ పోటీచేసిన మొదటి వ్యక్తి ఆమెయే. ముప్పదియైదవ స్థానము వచ్చినది. కూర్చుండి వేయుటవలన నిలకడ యెక్కువగా ఉండి ఆమెకు లాభించుచున్నదేమో అను సందేహము వినబడినది. ఆమెనే అడుగగా, తానెన్నడును నిలుచుండి బాణము వేయలేదు కనుక తనకు తెలియదని బదులు చెప్పినట్లు ప్రసిద్ధము. రాణిగారి బండిని ఎవరును ప్రశ్నింపలేదు. ఈమె కుర్చీని ప్రశ్నించిరి. ఇది అవమానమని తోచవచ్చును. మాకు మాత్రము ఇదియొక గౌరవముగనే కనబడుచున్నది. గెలుపు నిజమని నమ్మినవారే అది న్యాయమా అని విచారింతురు. అటుపిమ్మట ఇటలీవనిత పావొలా ఫాంటాటో 1996లోను, ఇరానువనిత జహ్రా నెమతి 2016లోను చక్రాల కుర్చీలనుండియే ఒలింపిక్ విలువిద్యలో నిలిచిరి.

తుపాకి కొంత ఆలస్యముగా వచ్చినది. 1976లో టొరంటో క్రీడలలో కాల్పుపోటీలు మొదటిసారిగా చేరినవి. విల్లునకు లేని చిక్కు తుపాకికి కలదు: బరువు. బాణము వేసిన వెంటనే విల్లును దింపవచ్చును. రైఫిలును గురి కుదురువరకు మోయవలెను. చేతులు బలముగా ఉండి కాళ్లు మాత్రమే లేనివారు మోయగలరు. వారిది ఒక వర్గము. అవనీ లేఖరా ఆ వర్గమునకు చెందినది. స్వీడను దేశపు యోనాస్ యాకబ్‌సన్ కూడ అట్టివాడే. 1980నుండి 2012వరకు జరిగిన పారాలింపిక్ క్రీడలలో పదునేడు స్వర్ణములు గెలిచినవాడు. 2008లో ఆ దేశములో ఒక దినపత్రిక ఏటేట సర్వోత్తమ క్రీడావిజయమునకు ఇచ్చు పతకమును, నడువగల క్రీడాకారులను కాదని, ఆయనకే ఇచ్చిరి.

చేతులు కూడ బలహీనమైనవారికి రెండవ వర్గము కలదు. వారి తుపాకిని స్టాండు మోయును. ఆ స్టాండు పైభాగమున బిగించిన స్ప్రింగులోనే ఈ విద్య సారమంతయు ఉన్నదని మా అభిప్రాయము. స్టాండు గట్టిగా ఉన్నచో తుపాకి గురికి ఎదురుగా బిగిసిపోవును, కాల్చువాడు మీట నొక్కువాడు మాత్రమే అగును. కనుక తుపాకి కొన అటునిటు కదలుచుండునట్లు స్టాండు మెత్తగా ఊగవలెనని నియమము. బరువు స్ప్రింగుది, వణకు మనిషిది. ఆ వణకును ఊపిరితోను, కంటితోను, ఓర్పుతోను అణచుటయే కాల్పువిద్య కదా! గుండును తుపాకిలో పెట్టుటకు ఒక సహాయకుడు ఉండవచ్చును. అతడు గురిని గూర్చి సలహా చెప్పరాదు. కుర్చీ వీపుపలక ఎంత ఎత్తు ఉండవలెననునది కూడ వెన్నుగాయము ఎంత ఎత్తున ఉన్నదనుదానినిబట్టి వైద్యులు, క్రీడాధికారులు కలసి నిర్ణయింతురు.

పది మీటర్ల ఎయిర్ రైఫిలు గురిలో నట్టనడుమ చుక్క అర మిల్లిమీటరు. ఆవగింజకంటె చిన్నది. టోక్యో తుదిపోటీలో అవనీ లేఖరా ఇరువదినాలుగు గుండ్లకు 249.6 అంకములు సాధించి అప్పటి ప్రపంచరికార్డుతో సమముగా నిలిచెను. గుండునకు పది అంకములకు పైగా పడినదన్నమాట. కాల్చునది కాళ్లు కావని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

ఇక వేట. ఇది వేరు ప్రపంచము. మన దేశమున 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో వచ్చిన సవరణ వినోదపు వేటకు ముగింపు పలికినవి. అది మంచిదే, మాకు వేటమీద మక్కువ లేదు. అమెరికాలో అట్లు కాదు. అచ్చట లక్షలాది కుటుంబములు ఋతువునుబట్టి, అనుమతిపత్రమునుబట్టి జింకను, బాతును వేటాడి మాంసమును ఇంటికి తెచ్చుకొందురు. తండ్రితో కొడుకు అడవికి పోవుట పల్లెలలో ఒక సంస్కారమువంటిది. యుద్ధమునుండి కాళ్లు లేక తిరిగివచ్చిన కొడుకు ఇంటివద్ద కూర్చుండుట యనగా తుపాకి మానుట మాత్రమే కాదు, తండ్రితో నడచిన దారి మానుట.

అందుచేత అచ్చటి చట్టము కొంత వంగినది. వలసబాతులను మోటారుబండినుండి కాల్చుట కేంద్రప్రభుత్వ నిబంధనలచే నిషిద్ధము. అదే నిబంధనలో ఒక మినహాయింపు కలదు: నడుము క్రింద చచ్చుబడినవారును, ఒక కాలుగాని రెండు కాళ్లుగాని లేనివారును నిలిపియుంచిన బండినుండి కాల్చవచ్చును. ‘నిలిపియుంచిన’ అను మాటను గమనింపుడు. బండి కాళ్లకు బదులు కూర్చుండుటకే; పక్షిని తరుముటకు కాదు. రాణి ఆన్ ఈ నిబంధన క్రింద శిక్షార్హురాలే అగును! పెక్కు రాష్ట్రములలో చిరకాలము క్రాస్‌బో అను అడ్డవిల్లును వికలాంగులకు మాత్రమే అనుమతించిరి. నారిని ఒకసారి లాగి బిగించినచో అది అట్లే నిలుచును కనుక. తరువాత అనేకచోట్ల దానిని అందరికి విడిచిపెట్టిరి. వికలాంగునికి ఇచ్చిన సాధనము కొంతకాలమునకు అందరికి కావలసివచ్చుట లోకములో తరచు జరుగునదే.

సాధనములును చిత్రమైనవి. బురదలో, మంచులో మామూలు చక్రము దిగబడును. అందుకై యుద్ధట్యాంకువలె పట్టాలమీద నడచు విద్యుత్కుర్చీలు వచ్చినవి. తుపాకి పేలినప్పుడు వెనుకకు తన్నును. చక్రములకు అడ్డు బిగింపనిచో మనిషియు కుర్చీయు కలసి వెనుకకు పోవుదురు. కుర్చీకి బిగించిన కీలుచేయి ఆ తుపాకిని మోసి, అటునిటు త్రిప్పుటకు వీలిచ్చును. మెడ క్రింద ఏమియు పలుకనివారికి ఒక గొట్టము కలదు. దానిని నోట పట్టి ఊపిరి పీల్చినచో ట్రిగ్గరు కదలును. తుపాకి దిశను మార్చు మోటారును గడ్డముతోనో పెదవులతోనో నడుపుదురు. గురిచూచు దుర్భిణి దృశ్యము ఒక తెరపై కనబడును. అన్నిటికంటె పెద్ద చిక్కు మాత్రము యంత్రమునకు సంబంధించినది కాదు. స్పర్శలేని దేహము చలిని చెప్పదు, ఒత్తిడిని చెప్పదు. జింక కొరకు తెల్లవారుజామునుండి కదలక కూర్చున్నవానికి గుట్‌మన్ మాన్పిన ఆ పుండే మరల రావచ్చును. మెత్తటి దిండు, గడియారము, నడుమ నడుమ దేహమును పైకెత్తుకొను అలవాటు — వేటసామానులో మొదట చేర్చవలసినవి ఇవి.

ఊపిరితో తుపాకి పేల్చువాడు వేటగాడేనా అని మమ్మడిగినచో వెంటనే బదులు చెప్పలేము. తెరమీద బొమ్మను చూచి గొట్టము పీల్చుట వేటకంటె యంత్రమునకు దగ్గరగా తోచును. జంతువు వైపునుండి చూచినచో ఏ వేటయు న్యాయము కాదు. కాని ఎప్పుడు పీల్చవలెనో, అసలు పీల్చవలెనో వద్దో నిర్ణయించునది ఆ మనిషియే. పీల్చక విడిచిపెట్టు స్వాతంత్ర్యము కూడ అతని చేతిలో, కాదు, అతని నోట ఉన్నది. ఇంటిలో గోడవైపు చూచుచు పడియున్నప్పుడు ఆ స్వాతంత్ర్యము లేదు.

2024 ఆగస్టులో పారిస్ నగరమున అవనీ లేఖరా అదే పోటీలో 249.7 అంకములతో మరల స్వర్ణము గెలిచెను. ఆ వార్త మా బల్లమీదికి వచ్చినప్పుడు ‘నిలుచుండి కాల్చు పోటీ’ అను మాటను ఉన్నదున్నట్లే ఉంచి, ‘అనగా మోచేతులకు ఆసరా లేకుండ’ అని ప్రక్కన చేర్చితిమి. క్రీడావార్తకు మాకిచ్చిన వ్యవధి అర నిమిషము. అందులో ఆ వివరణ రెండు సెకండ్లు తిన్నది. చదివినవారు తడబడలేదు.